గుడ్లు మొదటి వారంలోనే ఆగిపోతున్నాయా? పుంజును అమ్మే ముందు ఇవి చూడండి

నాటుకోడి కింద 12 గుడ్లు పెడితే ఐదారు పిల్లలే వచ్చాయని, మిషన్‌లో 100 గుడ్లు పెడితే సగం కూడా పగలలేదని ఏటా వేసవిలో రైతు సోదరులు ఫోన్లు చేస్తుంటారు. "పుంజు మంచిది కాదండీ, మార్చేస్తాను" అనేది దాదాపు అందరి మాట. అలా పుంజును మార్చిన చాలామందికి తర్వాతి విడతలోనూ అదే నష్టం వస్తుంది. కారణం, ఆ గుడ్లలో చాలా వాటికి పుంజు కలిసే ఉంటుంది. లోపల పిండం మొదలై రెండు మూడు రోజుల్లోనే చనిపోతుంది. దీపానికి పెట్టి చూస్తే పుంజు కలవని గుడ్డూ, ఇదీ ఒకేలా ఖాళీగా కనబడతాయి.

తేడా తెలుసుకోవడం ఎలా?

పొదగేసిన 7వ రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు మొద్దు వైపు సెల్‌ఫోన్ టార్చి ఆనించి చూడండి. పిండం బతికి ఉంటే సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తాయి. నరాలు లేకుండా ఎర్రటి దారం చుట్టినట్లు వలయం మాత్రమే ఉంటే పిండం కొన్ని రోజులు పెరిగి చనిపోయిందని అర్థం.

ఏమీ కనబడని గుడ్లను పారేయకండి. మొద్దు వైపు పెంకు తీసి, మెల్లగా పళ్లెంలోకి వంచండి. పచ్చసొన మీద చిన్న గట్టి తెల్లటి చుక్క మాత్రమే ఉంటే పుంజు కలవలేదు. చుక్కకు బదులు రూపాయి బిళ్లంత మీగడలాంటి పొర ఉన్నా, నెత్తురు చారలు ఉన్నా పుంజు కలిసింది, పిండం చనిపోయింది. రెండు రకాలనూ విడిగా లెక్క రాసుకోండి. మొదటి రకం ఎక్కువైతే పుంజుల సంగతి చూడాలి. 8 నుంచి 10 పెట్టలకు ఒక చురుకైన పుంజు ఉండాలి. రెండో రకం ఎక్కువైతే పుంజును మార్చి లాభం లేదు.

అసలు లోపం ఎక్కువగా నిల్వలోనే

గుడ్డు తయారవడానికి కోడి కడుపులో సుమారు 24 నుంచి 26 గంటలు పడుతుంది. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. అందువల్ల గుడ్డు బయటకు వచ్చేసరికే పిండం వేల కణాలతో పెరగడం మొదలుపెట్టి ఉంటుంది. సుమారు 20 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఆ పెరుగుదల ఆగి, పిండం నిద్రలో ఉన్నట్లు ఉంటుంది. చిక్కు దానికి పైన, పొదిగే వేడికి కింద. ఆ వేడిలో పిండం నిద్రపోదు, సరిగా పెరగదు. నీరసించిపోతుంది. తర్వాత ఎంత మంచి కోడి కింద పెట్టినా రెండు మూడు రోజులకు మించి నిలవదు.

మే నెలలో రేకుల షెడ్డులో ఐదారు రోజులు ఉన్న గుడ్డు పరిస్థితి ఇదే. పగలు సగం పొదిగినట్లు వేడెక్కుతుంది, రాత్రి చల్లారుతుంది. గంపలోనే గుడ్లు వదిలేసినా అంతే. రోజూ గుడ్డు పెట్టడానికి వచ్చే కోళ్లు పాత గుడ్లను కాసేపు వేడి చేసి లేచిపోతుంటాయి. కాబట్టి వేసవిలో రోజుకు మూడు నాలుగు సార్లు గుడ్లు ఏరండి.

పొదిగే గుడ్లకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం, 75 శాతం తేమ మంచివి. మన ఇళ్లలో అంత చల్లదనం కుదరదు. వెడల్పాటి మట్టి కుండలో తడి ఇసుక పోసి, దాని మీద గుడ్డ పరిచి, మొద్దు వైపు పైకి ఉండేలా గుడ్లు పెట్టి, కుండ చుట్టూ తడి గోనెపట్టా చుట్టి నీడలో ఉంచితే చాలా వరకు పని జరుగుతుంది. గుడ్లు మాత్రం తడవకూడదు. ఫ్రిజ్ వద్దు, అందులో చలి మరీ ఎక్కువ. పెన్సిల్‌తో గుడ్డు మీద తేదీ రాసుకోండి. వేసవిలో మూడు నాలుగు రోజులు, చలికాలంలో వారం దాటిన గుడ్లను పొదగేయకుండా కూరకు వాడుకోండి. 20 గుడ్లు పోగవ్వాలని పది రోజులు ఆగేకన్నా, తాజా గుడ్లు 10 పెట్టుకుంటేనే పిల్లలు ఎక్కువ వస్తాయి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ల గుడ్లను బయటి నుంచి తెచ్చి నాటుకోళ్ల కింద పొదిగించే వారు గుడ్డు పెట్టిన తేదీ అడిగి మరీ కొనండి. బండి మీద కుదుపులకు కూడా పిండం దెబ్బతింటుంది. తెచ్చిన గుడ్లను 12 గంటలైనా కదపకుండా ఉంచి, తర్వాతే పొదగేయండి.

మిషన్ వాడే వారికి

ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 37.5 నుంచి 37.8 డిగ్రీలు, ఫ్యాన్ లేని బల్బు పెట్టెలో గుడ్డు పైభాగం ఎత్తున 38.3 నుంచి 38.8 డిగ్రీలు ఉండాలి. చవక మిషన్ల మీటరును నమ్మవద్దు. జ్వరం చూసే థర్మామీటరు లోపల పెట్టి సరిచూసుకోండి. అది ఎక్కిన అత్యధిక వేడినే చూపిస్తుంది కాబట్టి మీరు చూడని వేళ ఎంత వేడెక్కిందో కూడా తెలుస్తుంది. తొలి రోజుల్లో కాస్త చల్లబడితే పిండం తట్టుకుంటుంది, ఎక్కువ వేడిని తట్టుకోలేదు. కరెంటు పోతే మాటిమాటికీ తలుపు తీయకండి. గుడ్లు పెట్టిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య ఫార్మాలిన్ పొగ అసలు పెట్టకూడదు.

తల్లి కోళ్ల సంగతి

నూకలు మాత్రమే తింటూ కొట్టంలో ఉండే పెట్టల గుడ్లలో ఎ, ఇ, బి2 విటమిన్లు చాలక పిండాలు తొలి రోజుల్లోనే పోవచ్చు. గుడ్లు ఏరడానికి రెండు వారాల ముందు నుంచే మునగాకు, తోటకూర వేయండి, పశువైద్యుని సలహాతో విటమిన్లు ఇవ్వండి. ఒకే ఇంటి పుంజు ఏళ్ల తరబడి తన పిల్లలతోనే కలుస్తుంటే కూడా ఈ నష్టం ఉంటుంది. పుంజును మార్చాల్సింది అప్పుడే, అదీ వేరే ఊరి నుంచి. రెట్ట అంటిన గుడ్లను కడగవద్దు. కొద్దిగా ఉంటే పొడి గుడ్డతో తుడవండి, ఎక్కువగా ఉంటే పొదగేయకండి.

7వ రోజు బయటపడిన చచ్చిన గుడ్లను అదే రోజు తీసేయండి. అలాగే వదిలేస్తే లోపల మురిగి పగులుతాయి, ఆ కుళ్లు పక్క గుడ్లకు అంటుకుంటుంది. కుక్కలు తవ్వనంత లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చండి.