వర్లి సముద్రం - కోళీల లెక్క

కామాటిపుర ఎలా పుట్టిందని మన చాళ్లలో ఎవరినడిగినా, కామాటీలు కట్టారని చెబుతారు. నిజమే. కానీ కామాటీల కంటే ముందు అక్కడ ఉప్పునీరు ఉండేది. మహాలక్ష్మికీ వర్లికీ నడుమ పెద్ద గండి. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం ఆ గండిలోంచి లోపలికొచ్చి భాయఖళా దాకా పల్లమంతా ముంచేది. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో, 1784 ప్రాంతాన, ఆ గండికి రాతిగట్టు పడింది. హార్న్‌బీ వెల్లార్డ్ అన్నారు దాన్ని. ఇప్పుడది లాలా లజపతిరాయ్ మార్గ్. గట్టు వెనుక బురద ఆరింది. కట్టడం పనులకు వచ్చిన మనవాళ్లు 1795 నుంచి ఆ ఆరిన నేల మీద కాపురాలు పెట్టారు.

మన చరిత్ర మనం అక్కడి నుంచి రాసుకుంటాం. అంతకుముందే ఈ దీవుల్లో వలలు వేసి బతికిన కోళీల మాట ఎత్తం. ఈ ఊరికి పేరిచ్చిన ముంబాదేవి వాళ్ల దేవతే! నేను కామర్స్ చదివినవాణ్ణి కనుక నాకిలా తోస్తుంది: వచ్చిన నేలను ఆస్తిగా రాసుకున్నారు, పోయిన నీటికి పద్దే తెరవలేదు.

నా చిన్నతనంలో మా చాలుకు చేపలబుట్టతో ఒక కోళీ ముసలమ్మ వచ్చేది. మావశీ అని పిలిచేవాళ్లం. వానాకాలంలో ఆమె బుట్టలో ఎండు బొంబిళ్లు తప్ప మరేమీ ఉండేవి కావు. తాజా చేప లేదేమని మా అమ్మ అడిగితే, "సముద్రం కడుపుతో ఉంది, నారళీ పున్నమి కానీ" అనేది. బేరానికి చెప్పే మాటేమో అనుకునేవాళ్లం. ఇప్పుడు పడమటి తీరాన జూన్ 1 నుంచి జూలై 31 వరకు యంత్రపు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు చెప్పే కారణం కూడా మావశీ చెప్పినదే.

2018లో కోస్టల్ రోడ్డు కోసం వర్లి ఒడ్డున రాళ్లు పోయడం మొదలుపెట్టారు. మెరైన్ లైన్స్ నుంచి సీలింక్ దాకా పదిన్నర కిలోమీటర్ల దారి. హైకోర్టుకెక్కిన వారిలో వర్లి కోళీవాడ నాఖవా మత్స్య వ్యవసాయ సహకారీ సొసైటీ ఒకటి. 2019 జూలై 16న హైకోర్టు తీరప్రాంత అనుమతిని కొట్టివేసింది. అదే డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపి పని సాగనిచ్చింది. 2020 నవంబరులో వర్లి, హాజీ అలీ రాళ్ల మీది 18 పగడపు గుంపులను తీసి కొలాబా నేవీ నగర్ వైపు నాటారు. చట్టంలో ఆ పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉంది. ఆ రాళ్ల మీద పీతలు పట్టుకుని బతికే మనుషులకు అలాంటి షెడ్యూలేదీ లేదు.

పులి మాట వచ్చింది కనుక మన నల్లమల సంగతి చెప్పాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమైంది. 1983లో ప్రాజెక్టు టైగరు కిందికి వచ్చింది. అక్కడ అటవీశాఖవారు చెంచులను కాపలాదారులుగా పెట్టుకున్నారు. అడుగుజాడ పులిదో చిరుతదో, నిన్నటిదో నేటిదో చెప్పడానికి చెంచు కావలసి వచ్చాడు. అడవి మీద చెంచుల హక్కుల తగాదా తీరిందని నేననను. అయినా, తెలిసినవాడిని అడగాలన్న బుద్ధి అక్కడ పుట్టింది.

వర్లిలో అడగలేదు. క్లీవ్‌లాండ్ బందరు నుంచి పడవలు వెళ్లే దారి మీదుగా వంతెన వేస్తూ, స్తంభాల మధ్య 60 మీటర్లు చాలని లెక్క కట్టారు. గాలి అడ్డంగా కొడితే పడవ నీళ్లలో ఎంత పక్కకు కొట్టుకుపోతుందో కోళీలకు తెలుసు. వాళ్లు 200 అడిగారు. కాగితం మీద ప్రవాహపు వేగం ఉంటుంది. ఎదురుగా ఇంకో పడవ వస్తుంటే చుక్కాని పట్టినవాడు ఏం చేయాలో ఉండదు. 2021లో పడవలు అడ్డం పెట్టి సముద్రంలో పని ఆపేశారు. చదువుకున్న మా తోటివాళ్లే, పనిని ఆపుతున్నారని విసుక్కున్నారు. నేనూ విసుక్కున్నవాణ్ణే. రోజూ లోకలు రైల్లో నలిగేవాడికి కొత్త దారంటే ఆశ ఉంటుంది గదా! 2022 డిసెంబరులో సర్కారు ఒక స్తంభం తగ్గించి 120 మీటర్లకు ఒప్పుకుంది. 2024 మార్చిలో మొదటి భాగం తెరిచారు. ఆ సెప్టెంబరుకు సీలింక్‌తో కలిపారు.

120 మీటర్లతో పడవలకు దారి దొరికింది. నీళ్లు వెనక్కు తీసినప్పుడు రాళ్ల మీద వంగి ఆలుచిప్పలు, పీతలు ఏరుకునే కోళీవాడ ఆడవాళ్ల సంగతి వేరు. పడవకు రిజిస్ట్రేషను ఉంటుంది, వలకు లైసెన్సు ఉంటుంది. చేత్తో ఏరుకునేదానికి ఏ కాగితమూ ఉండదు. నష్టపరిహారం అడిగేచోట మొదట అడిగేది కాగితమే. మా మావశీ కూడా పెళ్లికి ముందు ఆ రాళ్ల మీదే తిరిగిందట. ఏ పాయలో ఏ నెలలో ఏం దొరుకుతుందో వేళ్ల మీద చెప్పేది. మేము బేరం మాత్రమే ఆడాం.