సోమశిల రేవు: ఒడ్డున పడ్డ పుట్టి మళ్ళీ నీళ్ళెక్కేదెప్పుడు?

పోయిన ఎపిసోడ్‌లో అలంపురం గుళ్ళ దగ్గర ఆగాం కదా. ఇవాళ నది వెంబడే ఇంకొంచెం కిందికి, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గరున్న సోమశిలకు పోదాం.

నేను మొదటిసారి పోయింది మే నెలలో. రేవు అంటారు గానీ నీళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి. బురద ఎండి పగుళ్ళిచ్చింది, పుట్టీలు బోర్లించి ఉన్నాయి. ఒక పెద్దాయన పుట్టికి తారు పూస్తున్నాడు. "తాతా, మళ్ళీ ఎప్పుడు దించుతారు?" అని అడిగితే, తలెత్తకుండానే "జూరాల గేట్లు లేపనీ బిడ్డా" అన్నాడు.

ఈ ఒక్క మాటలో మూడు జిల్లాల భూగోళం ఉంది. కృష్ణ వరద ముందు గద్వాల దగ్గరి జూరాలకొస్తుంది. గేట్లెత్తితే బీచుపల్లి మీదుగా, వనపర్తి జిల్లా అంచు పట్టుకుని దిగుతుంది. అలంపురం దాటాక తుంగభద్ర కలుస్తుంది. ఆ నీళ్ళు శ్రీశైలం జలాశయంలో చేరి, మట్టం పెరిగితేనే సోమశిల మళ్ళీ రేవవుతుంది.

పుట్టి కొత్తదేం కాదండీ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వీటి గురించి రాశాడు: బుట్టలాగా గుండ్రంగా ఉంటాయి, లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, తిన్నగా పోలేక గిర్రున తిరుగుతాయి అని. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. తిరగడం మాత్రం మారలేదు!

మారింది నది. శ్రీశైలం డ్యాముకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981లో నూరుకు పైగా ఊళ్ళను ఖాళీ చేయించారు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. పాత సోమశిల మునిగింది, దాని గుళ్ళను విప్పి పైకి తెచ్చి కట్టారు. మనుషులకు అంత శ్రద్ధగా ఇళ్ళు కట్టారా అంటే, అది వేరే ఎపిసోడ్. ఒకప్పటి ఏరు నిండితే సముద్రంలా పరుచుకుంటుంది. ఎదురుగా కనిపించే సిద్ధేశ్వరం వైపుకు రోడ్డున పోవాలంటే కర్నూలు చుట్టి రావాలి. అందుకే జనం పడవెక్కుతారు.

2007 జనవరి 18న, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది చనిపోయారు. అప్పటినుంచి వంతెన అడుగుతూనే ఉన్నారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు కేంద్రం ఒప్పుకున్నది 2022లో, అంటే పదిహేనేళ్ళకు.

ఆగస్టులో మళ్ళీ పోయాను. మేలో నేను నిలబడ్డ చోట నిలువులోతు నీళ్ళు. పెద్దాయన గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పుట్టి దించాడు. ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇన్ని నెలలు ఎండల ఉన్నది. ముందు నేనొక్కన్నే తిరిగొస్త" అన్నాడు. కొంత దూరం పోయి, రెండు చుట్లు తిరిగి వచ్చాడు. వంగి అడుగంతా చేత్తో తడిమి చూశాడు. ఒకచోట తడి తగిలింది. మళ్ళీ ఒడ్డుకు లాగి తారు డబ్బా తెచ్చుకున్నాడు. ఆ రోజు నేను అవతలికి పోలేదు.