పాత తోలుసంచి

చరిత్ర గ్రంథాలలో శాసనాలకు, నాణేలకు, శిథిల ప్రాకారాలకు చోటున్నది. ఇంటిలో కొక్కేనికి వేలాడిన చేతిసంచికి చోటు లేదు. అది చిరిగితే పారవేస్తారు; చిరగకపోతే మరొకరి చేతికి పోతుంది. అయినను ఒక సంచిని శ్రద్ధగా విప్పి చూచినవానికి దాని కుట్టులోనే కొంత దేశచరిత్ర కనబడుతుంది. ఇట్టి వస్తువులలో శాంతినికేతనపు తోలుసంచి ఒకటి. గోధుమవర్ణపు తోలుమీద ఉబ్బెత్తుగా తేలిన లతలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పువ్వులు, అంచు పొడవునా తోలువారుతో అల్లిన అల్లిక దాని గుర్తులు. బోల్పూరు వెళ్లినవారు తెచ్చుకొన్న ఆ సంచులు నేడు పాతసామానుల అంగళ్లలో కనబడుతున్నవి. కొన్నవారికి కలిగే మొదటి ప్రశ్న ఒక్కటే: దీనిని మళ్లీ వాడుకొనేట్లు చేయడం ఎట్లా? ఆ ప్రశ్నకు జవాబు, సంచి దేనితో, ఎవరిచేత తయారైనదో తెలిసిన తరువాతనే దొరుకుతుంది.

1922 ఫిబ్రవరి 6వ తేదీన శాంతినికేతనానికి సమీపాన సురుల్ గ్రామంలో రవీంద్రనాథ ఠాకూరు ఆశయానుసారం, లెనర్డ్ ఎల్మ్‌హర్‌స్ట్ నాయకత్వాన గ్రామపునర్నిర్మాణ కేంద్రం ప్రారంభమైనది. అదే శ్రీనికేతనం. పల్లెకు పంట ఒక్కటే చాలదు, చేతిపని కూడ కావాలనేది అక్కడివారి విశ్వాసం. రవీంద్రుని కుమారుడు రథీంద్రనాథుడు స్వయంగా కొయ్యపనిలోను తోలుపనిలోను నేర్పరి. ఆయన, ఆయన భార్య ప్రతిమాదేవి ప్రోత్సాహంతో అక్కడ తోలుపని వేళ్లూనుకొన్నది. 1927లో రవీంద్రుడు జావా యాత్ర చేసినప్పుడు సురేంద్రనాథ్ కర్ వంటి చిత్రకారులు వెంట ఉన్నారు. ఆ ద్వీపంలో బట్టపై చూచిన బాతిక్ పద్ధతి శాంతినికేతనపు కళాశాలలకు చేరినది. తోలుమీదికి కూడ ఎక్కినది. తోలును కొద్దిగా తడిపి, పనిముట్టుతో నొక్కి బొమ్మను తేల్చి, స్పిరిటులో కరిగే రంగులను కుంచెతో పూసి, చివర మెరుగు పెట్టడం ఆ పనిలోని క్రమం.

అయితే ఆ తోలు బీర్భూము జిల్లాలో పుట్టినది కాదు. ఇందుకు వాడే మేకతోలు, గొర్రెతోలు చాలవరకు దక్షిణదేశంలో పదును చేయబడిన 'ఈస్టిండియా' తోలు. పత్తనాల వ్యాపారులు పెట్టిన ఆ పేరు వెనుక మనకు బాగా తెలిసిన చెట్టు ఒకటున్నది. అది తంగేడు. తెలంగాణలో ఆడపడుచులు బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పువ్వు ఆ చెట్టుదే. తోలును తోలుగా నిలిపే వగరు ఆ చెట్టు బెరడులోనిదే. పచ్చితోలును సున్నంలో నానవేసి, వెంట్రుకలు తీసి, తంగేడుచెక్క కషాయంలో ఉంచి, కరక్కాయతో ముగించేవారు. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు రేవునుండి ఈ అరపదును తోళ్లు ఓడలకొద్దీ లండనుకు ఎగుమతి అయ్యేవి. తరువాతి కాలంలో విదేశాలనుండి వచ్చిన వాటిల్ బెరడు తంగేడు స్థానాన్ని చాలవరకు ఆక్రమించినది.

ఇచట ఒక చేదునిజం చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండులో గ్రంథాలయాల అట్టలు ఎర్రని పొడిగా రాలిపోవడం చూచి, 1900లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఒక సంఘాన్ని నియమించినది. 1905లో ప్రకటించిన దాని నివేదికలో, మన తంగేడుతో పదునైన తోలు గ్రంథాల అట్టలకు మన్నికైనది కాదని తేల్చారు. బొగ్గుపొగలోను, గ్యాసుదీపాల ఆవిరిలోను ఉండే గంధకం తోలులో ఆమ్లంగా మారి దానిని లోపలినుండి తినివేస్తుంది. తంగేడుతోలు ఆ ఆమ్లాన్ని తొందరగా పీల్చుకొంటుంది. మన తోలును పొగడుకొనేవారు ఈ మాటను దాచనక్కరలేదు. దీనిని తెలిసికొన్నవాడే పాతసంచిని సరిగా కాపాడగలడు.

కావున ఇంటిలో చేయవలసిన పని మితమైనది. మొదట సంచిని ఖాళీచేసి, నీడలో గాలి తగిలేచోట ఉంచి, మెత్తని కుంచెతో దుమ్ము దులపవలె. వానకాలంలో బీరువాలో మూసిపెట్టిన సంచికి తెల్లని బూజు పట్టి ఉంటే ఆరుబయట దులపవలె. లోపల దులిపితే ఆ బూజు తక్కిన వస్తువులకు పాకుతుంది. తడిబట్టతో తుడువవలసివస్తే బాగా పిండిన బట్టతో పైపైన తుడిచి, నీడలోనే ఆరనీయవలె. నీరు లోపలికి ఇంకితే నొక్కి తేల్చిన లతలు అణగిపోతవి. ఎండలోనో పొయ్యిదగ్గరో ఆరబెడితే తోలు ముడుచుకొని కొయ్యవలె బిగుసుకొంటుంది. మరకపోవాలని స్పిరిటు తాకించడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. స్పిరిటులో కరిగిన రంగు స్పిరిటుతోనే లేచిపోతుంది, పువ్వు మిగలదు.

మన రైతులు మోటబానకు ఆముదం పట్టించేవారు. నిత్యం నీటిలో మునిగి తేలే ఆ తోలుకు అది అవసరం. చేతిసంచికి ఆముదం పూస్తే రంగు నల్లబడుతుంది, దుమ్ము అంటుకొంటుంది, ఇత్తడి గుండీలచుట్టూ ఆకుపచ్చని చిలుము పుడుతుంది. అవసరమనిపిస్తే తోళ్లకు వాడే మైనపు లేపనాన్ని మొదట మూత లోపలివైపు కొంచెం రాసి, రంగు మారనట్లయితేనే తక్కినచోట పలుచగా పూయవలె. చేతికి ఎర్రని పొడి అంటుతున్నదంటే అది మురికి కాదు; తోలే క్షీణించి రాలుతున్నది. దానికి తిరుగు లేదు. నూనె దానికి మందు కాదు, కీడే చేస్తుంది. అట్టి సంచిని వాడుక మాని దాచుకొనడమే మేలు. దాచేటప్పుడు లోపల పాత నూలుబట్ట కూరి, నూలుసంచిలో పెట్టవలె. వార్తాపత్రిక కాగితం, ప్లాస్టిక్కు సంచి రెండూ పనికిరావు.

ఈ మాటలు మొక్కల కషాయంతో పదునైన తోలుకే వర్తిస్తవి. 1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతి ప్రయోగాలు ఆరంభించిన తరువాత ఈ దేశంలో రెండవరకపు తోలు వ్యాపించినది. నేటి చేతిసంచులలో చాల భాగం దానివే. అంచు కోసినచోట నీలిచాయ కనబడితే అది సాధారణంగా క్రోముతోలే. 1948లో మద్రాసున కేంద్ర చర్మపరిశోధనాసంస్థ వెలసినది. తెనాలి ప్రాంతపు యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి అధ్యక్షులై, లంద దగ్గరి అనుభవాన్ని, ప్రయోగశాల జ్ఞానాన్ని ఒకచోటికి చేర్చడానికి పాటుపడినారు.

లంద అన్నమాట ఇక్కడ ఊరక రాలేదు. తోలును నానవేసే ఆ తొట్టి మన పల్లెలలో మాదిగవాడలో ఉండేది. చచ్చిన పశువును ఈడ్చుకొనిపోయి, తోలుతీసి, పదును చేసి, రైతుకు మోటబాన, చెప్పులు, పలుపులు కుట్టి ఇచ్చినవారికి కళ్లం దగ్గర కొలిచిన గింజలే కూలి. వారు కుట్టిన బాననీటితో పైరు పండినది. వారి నీడ మాత్రం అంటరానిదైనది. కాశీలో చెప్పులు కుట్టిన రవిదాసు పదాలు 1604లో కూర్చబడిన ఆదిగ్రంథంలో చేరినవి. ఆ పదాలకు మ్రొక్కిన చేతులు సైతం, అవి పాడినవాని కులంవారి ఆరెను ముట్టడానికి జంకినవి.

ఇట్టి దేశంలో తోలుపనిని తానే నేర్చుకొనడం చిన్న సంగతి కాదు. 1910లో టాల్‌స్టాయి క్షేత్రం వెలసినప్పుడు కాలెన్‌బాక్ ట్రాపిస్టు సన్న్యాసుల మఠానికి పోయి చెప్పులు కుట్టడం నేర్చుకొని వచ్చినాడు. ఆయన దగ్గర గాంధి నేర్చుకొన్నారు. తాను కుట్టిన జోడును 1914లో, తనను చెరపెట్టిన జనరల్ స్మట్సుకు కానుకగా ఇచ్చినారు. స్మట్సు వాటిని వాడి, భద్రపరచి, 1939లో గాంధి డెబ్బైయవ జన్మదినానికి తిరిగి పంపినాడు. ఇరువదియైదు సంవత్సరాలు ఒక జత చెప్పులను కాపాడడంలో ప్రత్యర్థిపట్ల గౌరవం ఎంత ఉన్నదో, వాటిని కుట్టిన పనిపట్ల గౌరవమూ అంత ఉన్నది.

శాంతినికేతనపు సంచిలో మొదట తెగేది అంచునల్లిన వారు. తోలు బాగుంటే సంచిని పారవేయనక్కరలేదు. తెగిన వారును మెల్లగా లాగివేసి, అదే వెడల్పు వారును పాత రంధ్రాలగుండానే మళ్లీ అల్లవచ్చును. కొత్తరంధ్రం పొడిస్తే అంచు బలహీనపడుతుంది. ఓపికగలవారు ఈ పని ఇంట్లో చేసికొనవచ్చును. చేతకానివారు వీధిమూలన గొడుగుకింద కూర్చున్న చర్మకారుని అడగవచ్చును. కాని అడిగేటప్పుడు బేరమాడక, ఆయన కోరిన కూలి ఇచ్చి, పక్కన కూర్చుండి చూడవలె. ఏ రంధ్రంనుండి ఏ రంధ్రానికి వారు పోతున్నదో ఆయన వేళ్లకు తెలిసినంతగా గ్రంథాలకు తెలియదు.

ఇట్లా అల్లుకొన్న సంచిని భుజాన వేసికొన్నవాని వేళ్లకు ఆ సాయంత్రం తోలువాసన అంటి ఉంటుంది. తరతరాలు ఆ వాసననుబట్టే మనుషులను ఊరివెలుపల ఉంచినాము. దానిని కడుగుకొనడానికి తొందరపడక, ఒకసారి జ్ఞాపకం చేసికొనడం మంచిది.