కండర సంకోచ శక్తి: యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల చారిత్రక ప్రాధాన్యం

ఉపోద్ఘాతం:
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ఆనకట్టలు, కాలువల మట్టిపనికి దూరప్రాంతాలకు వలసవెళ్ళిన పాలమూరు కూలీల శ్రమ ఈ నేల సామాజిక చరిత్రలో ముఖ్యాంశం. పార ఎత్తే చేతికి, తట్ట మోసే మెడకు ఆ శక్తి ఎక్కడినుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు కణస్థాయిలో సమాధానం వెదికినవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) ఒకరు. ఆయన కృషిలో సిద్ధాంతం కంటే కొలిచే పద్ధతి ముందు నడిచిందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాటి అభిప్రాయం:
గ్లైకోజెన్ నుంచి ఏర్పడే లాక్టిక్ ఆమ్లమే సంకోచానికి కారణమని 1920లలో శాస్త్రజ్ఞులు విశ్వసించారు. కండర పరిశోధనలకుగాను 1922 సంవత్సరపు నోబెల్ పురస్కారం పొందిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హోఫ్‌ల కృషి ఈ అభిప్రాయానికి బలం చేకూర్చింది.

రంగు చెప్పిన సత్యం:
భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించిన సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. నీలిరంగు గాఢతనుబట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. కండర సారాన్ని పరీక్షించినప్పుడు ఆ రంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా చిక్కబడింది. ఈ ఆలస్యాన్ని వారు పద్ధతిలోని లోపంగా తోసిపుచ్చలేదు. అంతవరకు నిరింద్రియ ఫాస్ఫేట్‌గా లెక్కించినదానిలో అధికభాగం, పరీక్షలోని ఆమ్లంలో విడిపోయే ఒక అస్థిర సమ్మేళనానిదని 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది తరిగి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. అదే కాలంలో బ్రిటన్‌లో ఎగ్లటన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్క్, సుబ్బారావు వేర్వేరుగా ఏటీపీని కండరంలో కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం సంకోచించగలదని 1930లో లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

సంకోచ విధానం:
మయోసిన్ ఏటీపీని విడగొడుతుందని 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా చూపారు. తంతువులు కుంచించుకుపోవని, ఒకదాని పక్కగా మరొకటి జారుతాయని 1954లో రెండు పరిశోధక బృందాలు ప్రతిపాదించాయి. నాడీ సంకేతం అందగానే కణంలోపలి కోశాలనుంచి కాల్షియం విడుదలై ట్రోపోనిన్‌తో కలుస్తుంది. ఆక్టిన్‌పై మూసుకొని ఉన్న స్థానాలు తెరుచుకుంటాయి. మయోసిన్ తలలు వాటిని పట్టుకొని లాగుతాయి. కొత్త ఏటీపీ చేరితేనే ఆ పట్టు వీడుతుంది. మరణానంతరం ఏటీపీ తరిగిపోవడంవల్లనే శరీరం బిగుసుకుంటుంది. తీవ్రశ్రమ తొలి క్షణాల్లో ఖర్చయిన ఏటీపీని ఫాస్ఫోక్రియాటిన్ వేగంగా భర్తీ చేస్తుంది.

ముగింపు:
కండర సంకోచ చరిత్రను తంతువుల కథగానే బోధిస్తే, ఆ కదలికకు ఇంధనం ఏమిటన్న అన్వేషణ మరుగున పడుతుంది. ఆలస్యంగా వచ్చిన ఒక రంగును అనుమానించి, ఆ అనుమానాన్ని కొలతతో తేల్చుకోవడమే ఫిస్క్, సుబ్బారావుల విశిష్టత. పార ఎత్తిన ప్రతిసారీ కూలీ కండరంలో ఖర్చయ్యేదేమిటో తెలుసుకోవడానికి ఆ కొలత దారి చూపింది.