గోడ చెమ్మ (కృష్ణా డెల్టా)

నేలలోని తడి ఇటుకల సన్నని రంధ్రాల గుండా గోడలోకి పాకి పైకెక్కడం. సాధారణంగా ఇది మీటరు, మీటరున్నర ఎత్తు దాటదు. శ్లాబు కింద కనిపించే తడి ఇది కాదు, పైనుంచి నీరు కారడమే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీరు విస్తరించిన ఈ డెల్టాలో నల్లరేగడి తడిని వదలదు. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు నేలనీటిలో ఉప్పూ ఎక్కువే. నీరు ఆరాక ఆ ఉప్పు తెల్లగా పూసి, ప్లాస్టరును పెచ్చులుగా ఊడదీస్తుంది.

చెమ్మ మీద సిమెంటు పూయడం పెద్ద పొరపాటు. తడి లోపలే చిక్కి ఇంకా పైకెక్కుతుంది. ముందు గోడకు ఆనిన మట్టి తీసి, వాననీరు దూరంగా పోయేలా వాలు ఇవ్వాలి. చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరు చెక్కి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి, కడగకూడదు. డీపీసీ (తడి పైకెక్కకుండా గోడ అడుగున వేసే పొర) లేని పాత గోడకైతే అడుగు వరుస ఇటుకల మధ్య, సున్నం లేదా సిమెంటు అతుకులో నాలుగేసి అంగుళాలకో రంధ్రం వేసి తడిని అడ్డుకునే సిలేన్ క్రీమ్ నింపుతారు. గోడ ఆరాక సున్నపు ప్లాస్టరు మేలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు మునిగిన బెజవాడ సింగ్‌నగర్ ఇళ్ల తడి వేరు. దానికి రంధ్రాలు అక్కర్లేదు, గాలి కావాలి. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. అంతవరకు రంగులు వేయించవద్దు.