పుట్టకముందే పేరు

మన యిండ్లలో బిడ్డ పుట్టిన పదకొండవనాడో, ఇరువదియొకటవనాడో పళ్లెములోని బియ్యమున పేరు వ్రాసి నామకరణము చేయుట ఆచారము గాని, పుట్టకముందే పేరు పెట్టినగాని పిదప ఎంత పిలిచినను పలుకని సంతానమొకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు బ్రౌజరులో ఉండెడిదని తెలిసిననాడు నాకు కలిగిన వినోదము ఇంతంత కాదు.

ఆ సంతానము వెబ్ పుటల ఫారములలోని గడి. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేపు సంస్థలో పది దినములలో రూపొందించిన జావాస్క్రిప్టు అను ప్రోగ్రామింగు భాష, తొలినాళ్లలో ఫారమునందలి గడులను సర్వరుకు పంపకముందు సరిచూచుటకే విశేషముగా ఉపకరించెను. ఆ భాషతో క్రొత్త గడిని సృజించు శాస్త్రోక్తవిధియైన ‘క్రియేట్ఎలిమెంటు’, పుటలోని అంగములను ప్రోగ్రాముతో మార్చు రీతిని నిర్ణయించు డామ్ ప్రమాణముతో 1998 అక్టోబరులో ఏర్పడెను.

అసలు వేడుక అటుపిమ్మటిది. ఆనాటి ఎక్స్‌ప్లోరరులో క్రియేట్ఎలిమెంటుతో ఇన్‌పుట్ గడిని పుట్టించి ఆపైన పేరు తగిలించినచో, సర్వరుకు పోవు మూటలో ఆ పేరు సరిగానే ఉండెడిది. ఫారములో ఆ పేరుతో వెదకినచో మాత్రము గడి దొరకెడిది కాదు! రేడియో బటన్ల దుర్దశ మరింత జాలి గొలుపును: ఒకే పేరుతో జట్టుకట్టి, ఒకదానిని నొక్కినంతనే తక్కినవి ఆరిపోవలసిన ఆ గుండ్రని గడులు, ఎంత నొక్కినను చలింపక శిలలవలె కూర్చుండెడివి. మైక్రోసాఫ్టు తానే తెలిపిన విరుగుడేమనగా, గడి జాతిని మాత్రమేగాక, కోణపు గుర్తులతో, పేరుతో సహా ట్యాగునంతయు క్రియేట్ఎలిమెంటు చేతిలో పెట్టుట. ప్రమాణమును పాటించు బ్రౌజర్లకు అది అక్షరదోషము. కనుక ఇద్దరత్తల కోడలివలె ప్రోగ్రామరు, మొదట ఎక్స్‌ప్లోరరు పద్ధతిని జావాస్క్రిప్టులోని ‘ట్రై’ భాగమున ప్రయత్నించి, అది వికటించినచో దానికి జతయైన ‘క్యాచ్’ భాగమున ప్రమాణ పద్ధతిని అనుసరించెడివాడు.

2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ అను జావాస్క్రిప్టు లైబ్రరీని వెలువరించిన పిమ్మట ఇట్టి తంటాలనేకము తెరవెనుకకు పోయెను. సుఖమే, కాని ఏ బ్రౌజరు ఎక్కడ అలుగునో ఎరిగిన ఆ లోకజ్ఞత పనివారిలో క్రమముగా సన్నగిల్లెనని నాకొక చింత.

2009లో వచ్చిన ఎక్స్‌ప్లోరరు 8వ కూర్పులో ఆ పేరు రోగము నయమాయెను. 2011 నాటి 9వ కూర్పు ప్రమాణరీతిలో నడచునపుడు ఆ పాతమందునే దోషముగా నెంచి త్రోసిపుచ్చెను. ‘ఎక్స్‌ప్లోరరు ఐనచో’ అని గుడ్డిగా ఆ మందే పోసిన పుటలు చతికిలబడగా, క్యాచ్ కట్టుకొన్నవి ఏమియు జరుగనట్లు సాగిపోయెను.