తోలట్టల పుస్తకములు – తొందర వైద్యము

కైవార తాతయ్యగారు తెలుగున తత్త్వములు పాడిన సీమ మనది. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో బడి చదువు కన్నడమైనను, మన తెలుగు ఇంటి పుస్తకములలో నిలిచినది. అట్టి పుస్తకములలో తోలట్టలవి కొన్ని నేటికిని కలవు. చేతబట్టినంతనే ఎర్రని పొడి వ్రేళ్ళకంటును. అది దుమ్ము కాదు; తోలే పొడియై రాలుచున్నది.

దీని కారణములను లండనులోని కళాసంఘమువారు నియమించిన ఉపసంఘము విచారించి, 1901లో నివేదిక వెలువరించెను. సుమాక్ ఆకుతో పదునుచేసిన తోలు మేలనియు, మన దేశమునుండి ఎగుమతియైన, తంగేడు బెరడుతో పదునుచేసిన మేక, గొర్రె తోళ్ళు పుస్తకములకు పనికిరావనియు వారు తేల్చిరి. మన గుట్టలపై పచ్చగా పూయు తంగేడే ఇది! ఆ తోలు గాలిలోని గంధకపు పొగను పీల్చుకొనును. అది ఆమ్లమై తోలును లోలోపల తినివేయును.

ఇది తెలియక మేమొక తప్పు చేసితిమి. మా తాతగారి భారతము మొదటి పుటపై మా యింటి జననములు వ్రాయబడియున్నవి. చిరకాలము రిజిస్టర్లు భద్రపరచిన గుమాస్తాలమను ధీమాతో, తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూయుదురుగదా యని, ఆ తోలట్టకు ఆముదము పట్టించితిమి. ఆనాడు అట్ట నిగనిగలాడినది. వానకాలమునకు జిగటయై బూజు పట్టినది. నూనె లోపలి పుటకు దిగి, మా తండ్రిగారి జననము వ్రాసిన పంక్తి మరకలో మునిగినది. తాటాకునకు తగిన వైద్యము తోలునకు తగదు.

మేమే కాదు, పెద్దలును పొరబడిరి. బ్రిటిషు మ్యూజియమువారు గొర్రెబొచ్చు కొవ్వు, దేవదారు నూనె, తేనెమైనము కలిపిన లేపనమును చాలకాలము వాడిరి. అది ఆమ్లమును తీయజాలదనియు, మితిమీరినచో తోలు నల్లబడి జిగటయగుననియు తరువాత తెలిసినది. నేడు నిపుణులు సెల్యులోజు జిగురును స్పిరిటులో కరగించి పలుచగా పూసి పొడిని నిలుపుదురు. అదియు ఆమ్లమునకు మందు కాదు. తడిగుడ్డతో తుడుచుట మరింత హాని. పొడియైన తోలు తడి తగిలిన నల్లబడి బిరుసెక్కును.

కావున చదువరులకు మా మనవి: మరల తీయరానిదేదియు పూయకుడు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, పొగకును ఎండకును దూరముగ పెట్టెలో నుంచుడు. అట్ట ఊడినచో నూలు నాడాతో కట్టుడు, పారవేయకుడు. వైద్యము అవసరమైనచో గ్రంథసంరక్షణ నేర్చినవారిని అడుగుడు. ఊరక యుంచినవారి పుస్తకము కొంత నిలుచును. మావలె తొందరపడినవారికి మరకయే మిగులును.